టాపు లేని బండికి ఏ స్ప్రింగు?

పాత కారు మీద మోజు ఒక రకం. టాపు మడిచేసి, గాలి మొహానికి కొడుతుంటే షికారు తిరిగే పాత కన్వర్టిబుల్ మీద మోజు ఇంకో రకం. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉద్యోగాల్లో కుదురుకున్న మన పిల్లల్లో కొందరికి ఈ రెండోది పట్టుకుంటుంది. కొత్త స్పోర్ట్స్ కారు ధర చూసి గుండె జారి, పాతికేళ్లు దాటిన మజ్దా మియాటానో, అంతకన్నా పెద్ద వయసున్న ఎంజీబీనో ఇంటికి తెచ్చుకుంటారు. తెచ్చిన కొన్నాళ్లకే మనసు స్ప్రింగుల మీదికి పోతుంది. పొట్టి స్ప్రింగులు వేస్తే కారు నేలకు దగ్గరగా దిగి, చూడ్డానికి భలేగా ఉంటుంది మరి!

భలేగానే ఉంటుంది, కాదనలేం. అయితే స్ప్రింగు ఉన్నది అందుకు కాదు. రోడ్డు ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా టైరు దాన్ని వదలకుండా అంటిపెట్టుకునేలా చూడటం దాని పని. టైరు రోడ్డును వదిలితే బ్రేకు తొక్కీ లాభం లేదు, స్టీరింగు తిప్పీ లాభం లేదు. పైన కప్పు కూడా లేని బండిలో అది ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

మూత తీసిన పెట్టె

చెప్పులు కొన్నప్పుడు ఇచ్చే అట్టపెట్టె తీసుకోండి. మూత పెట్టి రెండు చేతులతో మెలిపెట్టి చూడండి. ఓ పట్టాన లొంగదు. మూత తీసి చూడండి. ఇట్టే మెలి తిరిగిపోతుంది. కన్వర్టిబుల్ సంగతీ అంతే. మామూలు కారులో కప్పు, దాన్ని మోసే స్తంభాలు బాడీకి బిగువునిస్తాయి. కప్పు లేని కారులో ఆ లోటు పూడ్చడానికి నేల భాగాన్నీ తలుపుల కిందుండే పట్టీలనూ కంపెనీలు దిట్టంగా కడతాయి. అయినా లోటు పూర్తిగా తీరదు. గతుకులో పడగానే ముందు అద్దం ఫ్రేము, డాష్‌బోర్డు వణకడం ఇందుకే.

అలాంటి బండికి మరీ గట్టి స్ప్రింగులు బిగిస్తే ఏమవుతుంది? స్ప్రింగు మింగాల్సిన కుదుపు బాడీకి పోతుంది. అప్పుడు బాడీయే స్ప్రింగులా మెలి తిరుగుతుంది. దాని ఊపును ఆపడానికి షాక్ అబ్జర్బర్ ఉండదు. తలుపులు కిరకిరలాడతాయి, టాపు సందుల్లోంచి నీళ్లు కారతాయి. కాబట్టి స్ప్రింగుల కేటలాగు తెరిచే ముందు కారును లిఫ్టు మీదికెక్కించి, తలుపుల కింద పట్టీలకు తుప్పు పట్టిందేమో చూసుకోవాలి. తుప్పుంటే ఆ డబ్బు ముందు వెల్డింగు పనికి పెట్టడమే మంచిది.

కుంగడం వేరు, మెత్తబడటం వేరు

‘పాత స్ప్రింగులు మెత్తబడిపోయాయి, గట్టివి వేయాలి’ అనే మాట తరచూ వినిపిస్తుంది. ఇందులో సగమే నిజం. ఏళ్ల తరబడి బరువు మోసిన ఉక్కు స్ప్రింగు పొడవు తగ్గి కుంగుతుంది. బండి ఒక పక్కకు వాలినట్టు కూడా కనిపించవచ్చు. కానీ ఉక్కు గట్టిదనం దాదాపు అలాగే ఉంటుంది. బండి పడవలా ఊగుతోందంటే ఎక్కువసార్లు దోషం షాక్ అబ్జర్బర్లది.

స్ప్రింగు కుదుపును దాచుకుని మళ్లీ తిరిగిచ్చేస్తుంది. షాక్ అబ్జర్బర్ లోపలి నూనెను సన్నని రంధ్రాల గుండా తోసి, ఆ ఊపును వేడిగా మార్చి చల్లారుస్తుంది. అది పాడైతే స్ప్రింగు ఎంత కొత్తదైనా బండి ఎగురుతూనే ఉంటుంది. షాకు ఒంటి మీద నూనె తడి కనిపించినా, టైరు అంచులు అక్కడక్కడ గుంటలు పడి అరిగినా అనుమానించాల్సిందే. గట్టి స్ప్రింగుల్ని అలసిపోయిన షాకులకు జత చేయడం ముసలి ఎద్దును ఒంగోలు గిత్తతో కలిపి కాడికి కట్టడమే!

అంకెలు చదవడం ఎలా?

స్ప్రింగు మీద రాసే అంకె దాని గట్టిదనం. ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని కిలోల బలం కావాలో జపాన్ సరుకు మీద రాస్తారు. అమెరికాలో అంగుళానికి ఇన్ని పౌండ్లని చెబుతారు. మిల్లీమీటరుకు 1 కిలో అంటే అంగుళానికి దాదాపు 56 పౌండ్లు.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. మొదటిది తీగ మందం. తీగ 10 శాతం లావెక్కితే గట్టిదనం పెరిగేది 10 శాతం కాదు, 46 శాతం! కంటికి ఆనని తేడా నడుముకు బాగా తెలుస్తుంది. రెండోది, చక్రం కదిలినంతగా స్ప్రింగు కదలదు. చక్రం 10 మి.మీ. లేస్తే స్ప్రింగు 7 మి.మీ. నలిగిందనుకోండి. 4 కిలోల స్ప్రింగు చక్రం దగ్గరికి వచ్చేసరికి 2 కిలోలదానిలాగే పనిచేస్తుంది. ఈ లెక్క కారు కారుకూ మారుతుంది. అందుకే స్నేహితుడి కారుకు బాగా కుదిరిన అంకె మన కారుకు కుదరాలనేం లేదు.

మియాటానే తీసుకుందాం. 1989లో చికాగో ఆటో షోలో తొలిసారి కనిపించిన ఈ బుల్లి కారు బరువు టన్నుకు కాస్త తక్కువే. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. 2016 నాటికి అన్ని తరాలూ కలిపి 10 లక్షల కార్లు తయారయ్యాయి. దాని పేరంతా మలుపుల్లో చురుకుదనానికే వచ్చింది. అంత తేలిక బండికి బరువైన కార్లలో వాడే గట్టి స్ప్రింగులు వేస్తే గతుకుల రోడ్డు మీద టైరు నేలనంటకుండా గెంతుతుంది. ఉన్న చురుకుదనమూ పోతుంది.

కిందికి దించితే...

సస్పెన్షన్ పూర్తిగా నలిగినప్పుడు ఇనుమూ ఇనుమూ కొట్టుకోకుండా బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్క ఉంటుంది. కారును రెండంగుళాలు దించితే చక్రం పైకి లేవడానికున్న జాగా ఆ మేరకు తగ్గుతుంది. చిన్న గతుక్కే బంప్ స్టాప్ తగులుతుంది. మలుపులో తగిలిందంటే ఆ మూల ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంటుంది. టైరు పట్టు తప్పి బండి తోక పక్కకు పోవచ్చు. వానలో అయితే మరీను.

డబ్బు ఆదా అవుతుందని ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోసేసేవాళ్లూ ఉన్నారు. కోసిన కొస తన గూటిలో సరిగా కూర్చోదు. కొన్ని కార్లలో చక్రం వేలాడినప్పుడు జారిపోతుంది కూడా. వేడిచేసి కుంగదీయడం ఇంకా దారుణం. ఉక్కు పదునే పోతుంది.

ఎత్తు ఒక్కటే మార్చి ఊరుకుంటే ఏమవుతుందో ఎంజీబీ చరిత్రే చెబుతుంది. 1962 నుంచి 1980 దాకా తయారైన ఈ బ్రిటిష్ బండికి ముందు చుట్ట స్ప్రింగులు, వెనక మన లారీల్లో కనిపించే కమాను కట్టలు. అమెరికా నిబంధనల కోసం 1974లో దానికి నల్ల రబ్బరు బంపర్లు తగిలించి, ఎత్తు పెంచారు. మలుపుల్లో బండి ఎక్కువగా ఒరగసాగింది. దాన్ని సరిదిద్దడానికి తర్వాత యాంటీ రోల్ బార్లను బలపరచాల్సి వచ్చింది. తయారుచేసిన కంపెనీకే తప్పలేదు, మనమెంత?

ఏది ముందు, ఏది వెనక?

ఖర్చు చేసేటప్పుడు ఈ వరుస పాటిస్తే డబ్బు వృథా కాదు. మొదట టైర్లు. పైన గాడులు మిగిలున్నా, వయసు మీరి రబ్బరు గట్టిపడితే పట్టుండదు. తర్వాత బుష్‌లు. పాతికేళ్ల రబ్బరు పగిలిపోయి ఉంటుంది. రోజూ తిరిగే బండికి మళ్లీ రబ్బరువే హాయి. పాలీయురేథేన్‌వి బిగువుగా ఉంటాయి గానీ కుదుపునూ చప్పుడునూ పెంచుతాయి. రబ్బరు బుష్‌ల బోల్టుల్ని కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

మూడోది షాక్ అబ్జర్బర్లు. చాలామందికి ఇక్కడితోనే కొత్త కారు ఎక్కినట్టుంటుంది. అప్పటికీ తృప్తి లేకపోతే స్ప్రింగులు. కంపెనీ ఎత్తుకు దగ్గరగా, కాస్త మాత్రమే గట్టిగా ఉన్నవి, ఆ షాకులతో పొసిగేవి ఎంచుకోవాలి. మలుపుల్లో ఒరుగుతోందన్నదే బెంగైతే, స్ప్రింగుల జోలికి పోకుండా కాస్త లావు యాంటీ రోల్ బారు వేయించుకోవచ్చు. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కే గతుకులో అది కుదుపు పెంచదు. ఏది మార్చినా చివర్లో వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

ఇంట్లోనే విప్పుదామనే సరదా ఉంటే ఒక హెచ్చరిక. మిల్లీమీటరుకు 3 కిలోల స్ప్రింగును 100 మి.మీ. నొక్కి పట్టుకున్నారంటే అందులో 300 కిలోల బలం దాక్కుని ఉంది. సరైన స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా పై నట్టు విప్పితే అది తూటాలా దూసుకొస్తుంది. జాకీని ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరకూడదు. స్టాండ్లు పెట్టాల్సిందే. ఆ పనిముట్లు లేకపోతే మెకానిక్ కూలికి వెనకాడొద్దు. మార్పుల సంగతి బీమా కంపెనీకి ముందే చెప్పడం మేలు. మన దేశంలో అయితే మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ఉంది. రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని అది ఒప్పుకోదు.

అన్నీ ఒకేసారి మార్చేయకండి. ఒకటి మార్చి, రోజూ తిరిగే రోడ్డు మీదే ఓ వారం నడపండి. తర్వాతిది అవసరమో కాదో మీ నడుమే చెబుతుంది. ఆ మాట వింటే కేటలాగులో టిక్కు పెట్టుకున్న సరుకు సగానికి సగం అక్కడే ఉండిపోతుంది.