బోస్టన్ రైతుల ఓటు, మన పిల్లల వీసా

ఈసారి పత్తి రేటు గురించి కాదు, బ్రిటన్ గురించి రాస్తున్నాను. పోస్టు పొడుగే, ఓపికగా చదవండి.

ఈయనకు బ్రిటన్ గొడవ ఎందుకు అనుకునేవాళ్లకు ముందే ఒక మాట. మా మండలంలో ఎకరమో రెండెకరాలో అమ్మి, చాలకపోతే బ్యాంకు లోను తెచ్చి, పిల్లలను లండన్, లెస్టర్, బర్మింగ్‌హామ్ పంపిన రైతులు ఉన్నారు. ఆ పిల్లలు అక్కడ ఉండాలా, తిరిగి రావాలా అనేది ఆ దేశ రాజకీయం చేతిలో ఉంది. అందుకే అక్కడ ఏం జరుగుతుందో మనకు తెలియాలి.

మొదటినుంచి చెప్తాను. బ్రిటన్ 1973లో యూరప్ దేశాల ఉమ్మడి మార్కెట్‌లో చేరింది. 1975లో ఉందామా వద్దా అని జనాన్ని అడిగితే నూటికి 67 మంది ఉందామన్నారు. మళ్లీ 2016 జూన్ 23న అడిగితే 51.9 శాతం పోదాం అన్నారు, 48.1 శాతం ఉందాం అన్నారు. స్కాట్లాండ్‌లో మాత్రం 62 శాతం ఉందామన్నవాళ్లే. 2020 జనవరి 31న బయటికి వచ్చారు. ఆ ఏడాది చివరిదాకా పాత పద్ధతే నడిచింది. 2021 జనవరి 1 నుంచి పూర్తిగా వేరుపడ్డారు. బ్రెగ్జిట్ అంటే ఇదే.

మనవాళ్లు దీని గురించి రెండు మాటలే అంటారు. మనల్ని ఏలినోళ్లకు తగిన శాస్తి జరిగిందని ఒకరు, స్వాభిమానం ఉన్న దేశం కాబట్టి మంచి పని చేసిందని ఇంకొకరు. నాకు రెండూ నచ్చవు. రైతు కన్నుతో చూస్తే సంగతి వేరే ఉంది.

ఇంగ్లండ్ తూర్పున లింకన్‌షైర్‌లో బోస్టన్ అనే పట్టణం ఉంది. చుట్టూ చదునైన భూములు, మంచి సారం. క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆలుగడ్డ పండిస్తారు. దేశం మొత్తంలో బయటికి పోదామని ఎక్కువ శాతం ఓట్లు పడ్డది అక్కడే, 75.6 శాతం. ఎందుకంటే 2004లో పోలండ్, లిథువేనియా లాంటి దేశాలు యూరోపియన్ యూనియన్‌లో చేరాక అక్కడి కూలీలు వేలల్లో వచ్చారు. కూరగాయలు కోసేదీ వాళ్లే, ప్యాకింగ్ చేసేదీ వాళ్లే. ఊరు చిన్నది, మంది పెరిగారు. ఇంటి కిరాయిలు, డాక్టరు దగ్గర లైను, బడిలో సీట్లు, అన్నిటికీ ఒత్తిడే. మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదని పాతవాళ్లకు కోపం వచ్చింది. ఆ కోపం అబద్ధం అని నేను అనను. ప్రభుత్వం ఇళ్లు కట్టాలి, ఆసుపత్రి పెంచాలి. సరిపడా చేయలేదు. కోపం మాత్రం చేలో వంగి క్యాబేజీ కోసేవాడి మీదికి పోయింది.

తర్వాత ఏమైంది? క్యాబేజీ తనంతట తాను కోసుకోదు కదా. 2019లో 2,500 మందితో మొదలుపెట్టిన సీజనల్ కూలీల వీసాలు తర్వాత ఏడాదికి 40 వేలు దాటాయి. ఆరు నెలలు పనిచేసి వెళ్లిపోవాలి. పోలండ్, రొమేనియా వాళ్ల బదులు కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్, ఉజ్బెకిస్తాన్ నుంచి వస్తున్నారు. దారి ఖర్చులకు అప్పు చేసి వచ్చేవాళ్లు ఉన్నారు. 2021లో మాంసం కోసే పనివాళ్లు చాలక వేల పందులను రైతులు ఫారంలోనే చంపి పారేయాల్సి వచ్చింది. కొనేవాడు ఉండి కూడా సాకిన పశువును అట్లా పోగొట్టుకోవడం ఎట్లుంటదో పశువులు సాకినవాళ్లకు తెలుసు.

ఇక సాయం సంగతి. యూరప్‌లో ఉన్నప్పుడు బ్రిటన్ రైతులకు ఏడాదికి దాదాపు 300 కోట్ల పౌండ్లు అందేవి. ఎక్కువ భాగం భూమి లెక్కనే ఇచ్చేవాళ్లు. ఎంత భూమి ఉంటే అంత. రైతుబంధు చూసిన మనకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. పెద్ద ఆసామికి పెద్ద మూట, చిన్న రైతుకు చిల్లర. దాన్ని మార్చాలనడం న్యాయమే. యూరప్ నుంచి బయటికి వచ్చారు కాబట్టే ఇంగ్లండ్‌లో మార్చగలిగారు కూడా. నేల బాగు చేసినందుకు, గట్ల మీద చెట్ల కంచె పెంచినందుకు పైసలు ఇస్తామన్నారు. ఆలోచన మంచిది. కానీ పాత సాయం 2021 నుంచే ఏటేటా కోస్తూ పోయారు, కొత్తది మెల్లగా నడిచింది. 2025 మార్చిలో బడ్జెట్ అయిపోయిందని కొత్త దరఖాస్తులు చెప్పాపెట్టకుండా ఆపేశారు. పాత బావి పూడ్చేముందు కొత్త బోరులో నీళ్లు పడ్డాయో లేదో చూసుకోవాలి కదా.

అమ్మకం సంగతి ఇంకా విచిత్రం. బ్రిటన్ గొర్రె మాంసంలో దాదాపు మూడో వంతు బయటి దేశాలకు పోతుంది, అందులో 90 శాతం పైగా యూరప్‌కే. ఒప్పందం ప్రకారం సుంకం లేదు గానీ, పంపే ప్రతి సరుకుకూ పశువైద్యుడి సర్టిఫికెట్ కావాలి. యూరప్ వాళ్లు 2021 మొదటి రోజు నుంచే తనిఖీలు పెట్టారు. బ్రిటన్ మాత్రం యూరప్ నుంచి వచ్చే సరుకు మీద తనిఖీలను వాయిదా మీద వాయిదా వేసి 2024లో మొదలుపెట్టింది. మూడేళ్లు పక్కోడి సరుకు ఆపకుండా వచ్చింది, సొంత రైతు సరుకు కాగితాలు పట్టుకుని నిలబడింది. దీనికితోడు ఆస్ట్రేలియాతో ఒప్పందం చేసుకుని ఏడాదికి 35 వేల టన్నుల గొడ్డు మాంసం సుంకం లేకుండా రానిచ్చారు. పదో ఏటికి అది లక్షా 10 వేల టన్నులు. ఆ ఒప్పందం అప్పుడు వ్యవసాయ మంత్రిగా ఉన్న జార్జ్ యూస్టిస్, పదవి దిగాక 2022లో పార్లమెంటులోనే అది మనకు అంత మంచి ఒప్పందం కాదని చెప్పాడు. పదవిలో ఉన్నప్పుడు చెప్తే రైతుకు పనికొచ్చేది.

ఇప్పుడు మన పిల్లల దగ్గరికి వస్తాను. బయటివాళ్లు తగ్గుతారని కదా చాలామంది ఓటేసింది? యూరప్ వాళ్లు తగ్గారు. వాళ్ల జాగాలో మనవాళ్లు, నైజీరియా వాళ్లు వెళ్లారు. పోయినవాళ్లను తీసేసి వచ్చినవాళ్ల లెక్క 2023లో ఏడాదికి 9 లక్షలు దాటింది. చదువుకు, ముసలివాళ్ల సేవకు, ఆసుపత్రి పనికి వాళ్లే పిలిచి వీసాలు ఇచ్చారు. ఇప్పుడు కోపం వీళ్ల మీదికి తిరిగింది. అదే బోస్టన్ సీటులో 2024లో రిఫార్మ్ పార్టీ నాయకుడు రిచర్డ్ టైస్ గెలిచాడు. శాశ్వతంగా ఉండే హక్కునే ఎత్తేస్తామని ఆ పార్టీ అధినేత నైజెల్ ఫరాజ్ 2025 సెప్టెంబరులో ప్రకటించాడు. లేబర్ ప్రభుత్వం కూడా ఆ హక్కుకు 5 ఏళ్ల బదులు 10 ఏళ్లు ఆగాలంటోంది. సేవా పనికి విదేశాల నుంచి కొత్తవాళ్లను తీసుకోవడం 2025 జులైలో ఆపేసింది.

నా అభిప్రాయం ఇది. సొంత చట్టం సొంతంగా చేసుకుంటామనడం తప్పు కాదు. కానీ 2016 ఓటు కాగితం మీద ఉందామా, పోదామా అనే అడిగారు. పోతే గొర్రె మాంసం ఎట్లా అమ్మాలి, పంట ఎవరు కోయాలి అని రాయలేదు. అగ్రిమెంటు చదవకుండా సంతకం పెట్టించుకున్నట్టు జరిగింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లలో ప్రధానులు మారుతూనే పోయారు, జవాబు చెప్పేవాడు దొరకలేదు.

పోయింది తప్పే అని సగానికి పైగా జనం సర్వేల్లో చెప్తున్నారు. అయినా వెంటనే మళ్లీ ఓటు పెట్టమని నేను అనను. ఈసారి 52 అటు, 48 ఇటు వచ్చినా గొడవ అంతే ఉంటుంది. 2025 మే 19న తిండి సరుకుల తనిఖీలు తగ్గించుకుందామని రెండువైపులా అనుకున్నారు. ముందు అది పూర్తి చేయాలి. దానికి యూరప్ రూల్స్ కొన్ని పాటించాల్సి వస్తుంది. అమ్ముకునేది వాళ్లకే కాబట్టి రైతుకు అదే మేలు.

పిల్లలను పంపాలనుకునే తల్లిదండ్రులకు కూడా ఒక మాట. చదువుకు పంపండి, తప్పులేదు. చదివి తిరిగొచ్చినా అప్పు తీరుతుందా అని లెక్క వేసుకుని పంపండి. పీఆర్ వస్తుంది, అక్కడే సెటిల్ అవుతాడు అని ఏజెంటు చెప్తే నమ్మి పొలం అమ్మకండి. ఆ రూలు వచ్చే ఎలక్షన్‌కు ఉంటుందో లేదో ఏజెంటుకూ తెలియదు.

అక్కడ పిల్లలు ఉన్నవాళ్లు పరిస్థితి ఎట్లా ఉందో రాయండి. నలుగురికీ పనికొస్తుంది.