ఇంట్లో పెట్టెకి యజమాని ఎవరండీ?

మా వంటింట్లో మిక్సీ 1991లో కొన్నది. జార్లు రెండుసార్లు మార్చాను, బ్రష్షులు నాలుగుసార్లు వేయించాను. ఇవాళ పొద్దున్న కూడా కొబ్బరిపచ్చడి దాంట్లోనే రుబ్బాను. ఇన్నేళ్ళలో ఒక్కరైనా వచ్చి, "అమ్మా, ఫలానా తేదీతో మీ మిక్సీకి కాలం తీరింది, ఇకమీదట అది తిరిగినా మా పూచీ లేదు" అని చెప్పలేదు. చెప్పి ఉంటే చేతిలో ఉన్న అట్లకాడతోనే సమాధానం చెప్పేదాన్ని.

మరి కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి మనకి నోరెందుకు పడిపోతుందండీ?

సంగతేమిటంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. అంటే ఆ రాత్రి పెట్టెలన్నీ దీపాలు ఆర్పేసుకున్నాయని కాదు. ఎప్పట్లాగే వెలుగుతాయి. కాని కొత్తగా బయటపడే దొంగదారులకి తాళాలు వేసే మనిషి ఇక రాడు. షరతుల మీద 2026 అక్టోబరు దాకా ఓ ఏడాది పొడిగింపు ప్రకటించారనుకోండి, అదలా ఉంచండి. "విండోస్ 11 వేసుకుంటే పోలేదా?" అంటారేమో. దానికి టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ప్రాసెసరు వాళ్ళ జాబితాలో ఉండాలి. ఇంటెల్ వాటిలో దాదాపుగా ఎనిమిదో తరమూ ఆ పైవీ అయితేనే రానిస్తారు. మాది 2016లో కొన్న ఆరో తరం పెట్టె. పిల్ల లక్షణంగా ఉంది గాని జాతకం కుదర్లేదన్నారన్నమాట!

మా రాజమండ్రిలోనే ఒక షాపుకి తీసుకెళ్ళాం. అక్కడి కుర్రాడు మూత తీసి చూసి, "సార్, ఇది పాతసామాను కింద వేసెయ్యడమే. ఎక్స్చేంజిలో రెండువేలు ఇస్తాం. నలభై అయిదు వేలు పెడితే కొత్తది వచ్చేస్తుంది" అన్నాడు.

"ఇది బాగానే పనిచేస్తోంది కదా బాబూ?" అన్నాను.

"మేడంగారికి తెలీదు సార్" అన్నాడు.

మావారితో! చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పెట్టె ముందు రోజూ కూర్చునేది నేను. కాలనీ మహిళా సంఘం జమాఖర్చులు రాసేది నేను. కరెంటు బిల్లు కట్టేది, అమ్మాయితో మాట్లాడేది, పన్నెండేళ్ళుగా నా నాలుగు కథలూ కబుర్లూ కొట్టుకునేది నేను. మావారికి దాంట్లో పేకముక్కల ఆట తప్ప మరోటి తెలీదు. అయినా సారుగారు ఆయనే, తెలీని మేడంని నేను.

ఇందులో నా తప్పు గూడా ఉందండీ, ఒప్పుకుంటాను. తొమ్మిదేళ్ళపాటు దాని పెద్ద పాస్‌వర్డు నాకు తెలీదు. పూనాలో ఉన్న మా అబ్బాయికే తెలుసు. ఏం మార్చాలన్నా, ఏం చేర్చాలన్నా వాడికి ఫోను చెయ్యాలి, వాడి మీటింగు అయ్యేదాకా కాచుక్కూచోవాలి. ఇల్లు నాది, బీరువా తాళంచెవులు పూనాలో! ఏ ఇల్లాలైనా ఒప్పుకుంటుందా? కంప్యూటరు విషయంలో మాత్రం అందరం ఒప్పుకున్నాం.

పెట్టెని ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చేశాను. "నీకెందుకే ఈ గొడవ? కొత్తది కొనేస్తే పోతుందిగా" అన్నారు మావారు. "నలభై అయిదు వేలు పోతుంది" అన్నాను. ఆ సాయంత్రమే మా చెల్లెలి కొడుక్కి ఫోను చేశాను. ఇంజనీరింగు మూడో ఏడు. "పెద్దమ్మా, లినక్సు వేసుకో" అన్నాడు.

వేసుకుందామనే అనుకున్నాను. కాని ఏ లినక్సు? అదేమో ఒకటి కాదట, వందల రకాలట. మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ అన్నట్టు డెబియన్, ఫెడోరా, ఉబుంటు, మింటు, ఆర్చి. వాడేమో ఆర్చి వేసుకోమంటాడు, వాడి స్నేహితుడు అదేం కాదు ఫెడోరాయే అంటాడు. ఇద్దరూ నా ఫోనులోనే గంటసేపు కొట్టుకున్నారు. ఇక్కడ ఆ కుర్రాళ్ళకీ ఓ మాట చెప్పాలి. నాయనా, అడిగింది అన్నం అయితే వరి వంగడాల మీద ఉపన్యాసం ఎందుకు? మీ చర్చలు విని భయపడి వెనక్కి పోయిన ఇల్లాళ్ళు ఎంతమందో! షాపువాడు "నీకు తెలీదు" అని తలుపు వేస్తాడు. మీరు తెలిసినదంతా ఒక్కసారే గుమ్మరించి తలుపుకి అడ్డం పడతారు. బయట నిలబడేవాళ్ళకి రెండూ ఒకటే.

చివరికి నేనే చదువుకుని తెలుసుకున్నాను. 1991 ఆగస్టులో, అంటే మా మిక్సీ వయసే, ఫిన్లాండులో హెల్సింకీ యూనివర్సిటీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు దీని గుండెకాయలాంటి భాగాన్ని రాసి, నలుగురికీ చెప్పాడు. అంతకు ముందే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, వాడుకునేవాళ్ళకి ప్రోగ్రాముని చూసే హక్కూ, మార్చుకునే హక్కూ, పంచుకునే హక్కూ ఉండాలని ఒక ఉద్యమమే లేవదీశాడు. డెబియన్ అన్న పేరు ఎలా వచ్చిందో తెలుసా? 1993లో దాన్ని మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్, తన స్నేహితురాలు డెబ్రా పేరూ తన పేరూ కలిపి పెట్టాడు. మన సినిమా హాళ్ళకీ లాడ్జిలకీ పెట్టినట్టే! ఆ డెబియన్ మీద ఆధారపడి 2004లో ఉబుంటు, ఉబుంటు మీద ఆధారపడి 2006లో మింటు వచ్చాయి. అమ్మమ్మ, అమ్మ, మనవరాలు అనుకోండి. పాత పెట్టెకి, నాలుగు జీబీల జ్ఞాపకశక్తికి, విండోస్ అలవాటున్న చేతికి మనవరాలే మంచిదనిపించింది. అందులోనూ ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలిక రకం.

దీంట్లో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ముందు పెన్‌డ్రైవులోంచే నడిపి చూడొచ్చు. హార్డుడిస్కు మీద చెయ్యి పడదు. మౌసు కదులుతోందా, వైఫై అందుతోందా, పాట వినిపిస్తోందా, అన్నీ చూసుకుని నచ్చకపోతే తీసేసి పక్కన పెట్టెయ్యొచ్చు. చీర ఇంటికి తీసుకెళ్ళి ఓ పూట కట్టుకుని చూసి, అప్పుడు కొనమనే షాపు ఎక్కడైనా ఉందా? ఇక్కడ కొనడమూ లేదు. నాకైన ఖర్చల్లా పాత హార్డుడిస్కు తీసేసి ఎస్.ఎస్.డి. పెట్టించుకున్నందుకు రెండువేల లోపు. ఫైళ్ళన్నీ ముందు వేరేచోట దాచుకున్నాను. తరవాత పెట్టెలోకి ఎక్కించడం అరగంటలో అయిపోయింది. పప్పు ఉడికేలోగా సిస్టం మారిపోయిందంటే అతిశయోక్తి కాదు. ఇదివరకు అది లేచి కూర్చునేలోగా నేను కాఫీ కలుపుకుని వచ్చేదాన్ని. ఇప్పుడు కాఫీకే వ్యవధి చాలడం లేదు.

అంతా పూలపానుపే అని చెబితే అబద్ధం అవుతుంది. మా ప్రింటరు అచ్చు వేస్తుంది గాని, దాని స్కానరు మూడు రోజులు మొరాయించింది. మా సంఘం ఆడిటరుగారు వాడే లెక్కల ప్రోగ్రాము దీంట్లో నడవదు. ఆయనకి లిబ్రాఫీసులో చేసిన పట్టికలు పంపుతున్నాను, అప్పుడప్పుడు గీతలు కాస్త అటూ ఇటూ అవుతాయి. తెలుగు కీబోర్డు ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో అయితే సెట్టింగుల్లోనే దొరికింది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగు రప్పించుకోవడానికి మాత్రం ఐబస్ అనేదాన్ని విడిగా చేర్చుకోవలసి వచ్చింది. దానికో పూట పట్టింది. మీ పనికి ఫలానా ప్రోగ్రామే తప్పదంటే, అది విండోసులోనే నడుస్తుందంటే, ముందు అది తేల్చుకోండి. నా మాట పట్టుకుని తరవాత నన్ను తిట్టొద్దు.

నాకు అసలు దెబ్బ తగిలింది మరోచోట. పన్నెండేళ్ళుగా కొట్టుకున్న నా కథలు తెరిచాను. అక్షరం ముక్క కనబడితే ఒట్టు! ఇంగ్లీషు అక్షరాలూ, కామాలూ, ఆశ్చర్యార్థకాలూ కలగాపులగం. కారణం తెలుసుకుంటే ఏడుపొచ్చింది. పాతకాలం డి.టి.పి. ఫాంట్లలో ఉన్నవి నిజానికి తెలుగు అక్షరాలు కావట. ఇంగ్లీషు అక్షరాలకి తెలుగు బొమ్మలు తొడిగారట. ఆ ఫాంటు లేని చోట తొడుగు ఊడిపోతుంది. కొత్త విండోస్ పెట్టె కొన్నా, ఆ ఫాంటు లేకపోతే ఇదే గతి. యూనికోడులో తెలుగుకి 1991లోనే చోటు ఇచ్చారు. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. మా చెల్లెలి కొడుకు ఏదో మార్చే సాధనం వెతికిపెట్టాడు. వత్తులూ, సంయుక్తాక్షరాలూ చేత్తో దిద్దుకుంటూ దీపావళి నుంచి సంక్రాంతి దాకా కూర్చున్నాను. మా అమ్మ పోయినప్పుడు రాసుకున్న పది పేజీలు దిద్దుతుంటే అనిపించింది: ఇవి నా మాటలే, కాని ఇన్నాళ్ళూ ఎవరి డబ్బాలోనో పెట్టి, ఆ మూత వాళ్ళకే వదిలేశాను.

అందుకే అంటున్నాను, ఇది డబ్బు మిగుల్చుకునే గొడవ ఒక్కటే కాదు. "ఊరికే వచ్చినదానికి విలువేముంటుంది?" అని మా పక్కింటి వదినగారు దీర్ఘం తీశారు. వదినగారూ, ధనుర్మాసంలో మీరు వాకిట్లో వేసే ముగ్గుకి ఎంత తీసుకుంటారు? పదిహేను చుక్కలు, సందుచుక్క, ఎనిమిది దాకా అని చెబుతారు. నేను నోటుపుస్తకంలో దించుకుంటాను. మధ్యలో కమలం బదులు చిలకలు పెడతాను. మా కోడలు నా దగ్గర దించుకుని ఇంకోలా వేస్తుంది. ముగ్గు పెరిగింది గాని విలువ తగ్గిందా? ఈ ఓపెన్ సోర్సు అన్నది అదే. చుక్కల లెక్క దాచకపోవడం. పైగా లినక్సు గుండెకాయకి వర్తించే జి.పి.ఎల్. అనే లైసెన్సులో ఓ మంచి నియమం ఉంది: నువ్వు మార్చి మరొకరికి ఇస్తే, నీ చుక్కల లెక్క కూడా ఇచ్చి తీరాలి. ముగ్గు చూపించి లెక్క దాచేవాళ్ళ దగ్గర మనం ఎన్నాళ్ళయినా చూస్తూ నిలబడేవాళ్ళమే, వేసేవాళ్ళం కాలేము.

"దీనికీ కాలం తీరదా?" అంటారు మావారు. తీరుతుంది. నేను వేసుకున్న మింటు 22కి 2029 దాకానే మద్దతు. తరవాత దాని వెనక వచ్చేది వేసుకుంటాను. అందుకు పెట్టె మార్చమని ఎవరూ అనరనీ, అన్నా ఇంకా తేలిక రకం దొరుకుతుందనీ నా ధైర్యం.

ఇది ఆడవాళ్ళ వల్ల కాదనేవాళ్ళు ఒక్కసారి కేరళ వైపు చూడండి. అక్కడి బడుల్లో ఏళ్ళ తరబడి నడుస్తున్నది ఇదే. 2019లో రెండు లక్షలకు పైగా బడి కంప్యూటర్లలో లినక్సే వాడతామని అక్కడి కైట్ సంస్థ చెప్పింది. వాటిముందు నిలబడి పాఠం చెప్పే పంతులమ్మలు మనలాంటివాళ్ళు కారా? హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ మెనూలు తెలుగులో ఉండే సిస్టం గూడా తయారుచేసింది. నేనూ నా మింటుని తెలుగులో పెట్టి చూశాను. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఉన్న తెలుగులో కొన్ని మాటలు తాలూకాఫీసు నోటీసులా ఉన్నాయి. నవ్వుకున్నాను. ఆ తరవాత నవ్వు ఆగింది. ఎందుకంటే ఆ మాటలు రాసినవాళ్ళు జీతం లేకుండా, తీరిక చేసుకుని రాసినవాళ్ళు. నచ్చకపోతే దిద్దొచ్చు. దిద్దడానికి ప్రోగ్రాములు రానక్కర్లేదు, తెలుగు వస్తే చాలు. పత్రికలో అచ్చుతప్పు పడితే సంపాదకుడికి ఉత్తరం రాసే మనం, ఇక్కడ ఎందుకు ఊరుకోవాలి?

కనక అమ్మలారా, నేను చెప్పేది ఇంతే. మీ ఇంట్లో పెట్టె పనిచేస్తుంటే, ఎవరో కాలం తీరిందన్నారని పాతసామాను వాడికి వెయ్యకండి. పెన్‌డ్రైవులో పెట్టి ఓ పూట చూడండి. నచ్చకపోతే మానెయ్యండి. కాని ఆ నచ్చడమూ మానడమూ మీదై ఉండాలి.

నా పెట్టె ఇప్పుడు కిటికీ పక్కన హాయిగా నడుస్తోంది. మొన్న మావారు పేకాటలో మరో రకం ఏదో చేర్చుకుందామనుకున్నారు. పాస్‌వర్డు అడిగిందట. పూనాకి ఫోను చేశారు. "నాకు తెలీదు నాన్నా, అమ్మనడగండి" అన్నాడు మా అబ్బాయి.

చెప్పనని కాదండీ. అడగాలి, అంతే.