కొడుక్కి జన్యు జబ్బు.. రెండో కాన్పుకు ముందు ఆ ఒక్క రక్త నమూనా ఎందుకంత కీలకం?

నాలుగైదేళ్ల బాబు తరచూ పడిపోతుంటాడు. లేవాలంటే తొడల మీద చేతులు ఊనుకుంటాడు. పిక్కలు మాత్రం లావుగా కనిపిస్తాయి. ఇవి డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ, అంటే డీఎండీ లక్షణాలు. సుమారు 3,500 నుంచి 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి వచ్చే ఈ జబ్బులో కండరాలు క్రమంగా బలహీనపడతాయి. పన్నెండేళ్లు వచ్చేసరికి చాలామంది వీల్‌చైర్‌కే పరిమితమవుతారు. అయితే జబ్బు బయటపడేసరికి తల్లి మళ్లీ గర్భంతో ఉండటం, పిన్ని పెళ్లికి సిద్ధమవడం లాంటివి చాలా ఇళ్లలో ఉండేవే. అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

తల్లి తప్పా? మేనరికమా?

రెండూ కాదు. డీఎండీకి కారణమైన డిస్ట్రోఫిన్ జీన్ ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంటుంది. ఆడవారికి రెండు ఎక్స్‌లు ఉంటాయి కాబట్టి ఒకటి దెబ్బతిన్నా రెండోది ఆదుకుంటుంది. మగపిల్లలకు ఉండేది ఒక్కటే. దాంతో జబ్బు బయటపడుతుంది. తల్లి క్యారియర్ అయితే పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు వచ్చే అవకాశం 50 శాతం. ప్రతి కూతురూ క్యారియర్ అయ్యే అవకాశమూ అంతే. మేనరికం చేసుకోకపోయినా ఇది వస్తుంది. పైగా దాదాపు మూడో వంతు కేసుల్లో తల్లి క్యారియరే కాదు.. బిడ్డలోనే కొత్తగా మార్పు వస్తుంది. అంటే కోడలిని నిందించడానికి ఇక్కడ ఆధారమే లేదు.

డీఎన్‌ఏ మార్కర్ ఎలా పనిచేస్తుంది?

ఇంటి నంబర్ తెలియకపోయినా పక్కనున్న కిరాణా కొట్టు గుర్తుతో ఇల్లు పట్టుకుంటాం కదా.. మార్కర్ పనితీరూ అలాంటిదే. జీన్ లోపల, చుట్టుపక్కల మనిషి మనిషికీ మారే డీఎన్‌ఏ గుర్తులుంటాయి. తల్లి రెండు ఎక్స్‌లలో ఏ గుర్తులున్నది జబ్బు పిల్లాడికి వెళ్లిందో చూస్తారు. గర్భంలోని మగబిడ్డకూ అదే వెళ్తే ముప్పు ఎక్కువన్నట్టే.

ఇప్పుడు చాలా కేసుల్లో లోపాన్నే నేరుగా పట్టుకుంటున్నారు. డీఎండీలో 60 నుంచి 70 శాతం మందికి 79 ఎక్సాన్లలో కొన్ని ఎగిరిపోయి ఉంటాయి. ఎంఎల్‌పీఏ పరీక్షలో అది తెలిసిపోతుంది. అందులో దొరకకపోతే సీక్వెన్సింగ్ చేస్తారు. అప్పటికీ లోపం దొరకని కుటుంబాల్లో మార్కర్లే ఆసరా. హిమోఫిలియా కుటుంబాల్లోనూ ఈ పద్ధతి పనికొస్తుంది.

ఇక్కడే చిక్కు

మార్కర్ పద్ధతికి జబ్బు ఉన్న పిల్లాడి డీఎన్‌ఏ కావాలి. అది లేకపోతే ఏ ఎక్స్‌లో లోపం ఉందో చెప్పడం కష్టం. అందుకే బాబు ఉండగానే రక్తం తీయించి డీఎన్‌ఏ భద్రపరచడం ముఖ్యం. మార్కర్‌కు పరిమితులూ ఉన్నాయి. క్రోమోజోమ్‌లు ముక్కలు మార్చుకుంటే గుర్తు ఒకచోట, లోపం ఒకచోట పడొచ్చు. డిస్ట్రోఫిన్ చాలా పెద్ద జీన్ కాబట్టి ఈ ముప్పు తీసిపారేసేది కాదు. బాబులో మార్పు కొత్తగా వచ్చిందైతే అదే గుర్తున్న తమ్ముడు ఆరోగ్యంగానూ ఉండొచ్చు. తల్లి రక్తంలో లోపం కనిపించకపోయినా కొన్ని అండాల్లో ఉండే అవకాశం ఉంది. సీకే టెస్ట్ నార్మల్ వచ్చినంత మాత్రాన క్యారియర్ కాదని చెప్పలేం.

టైమ్ తక్కువ.. చట్టం ఏమంటోంది?

గర్భస్థ పరీక్షకు సాధారణంగా 11-13 వారాల్లో సీవీఎస్, లేదా 16 వారాల తర్వాత ఉమ్మనీటి పరీక్ష చేస్తారు. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం లింగ సంబంధ జన్యు వ్యాధుల నిర్ధారణకు అనుమతిస్తుంది. బిడ్డ ఆడా, మగా అని చెప్పడం మాత్రం నేరమే. 2021 సవరణతో ప్రత్యేక పరిస్థితుల్లో గర్భస్రావ పరిమితి 24 వారాలకు పెరిగింది. కానీ కుటుంబంలోని లోపం ముందే తెలియకపోతే ఆ వారాలు వెతుకులాటలోనే కరిగిపోతాయి.

హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌గా ఉన్నాయి. 2021లో వచ్చిన ఈ విధానం జాబితాలో డీఎండీ కూడా ఉంది. అయితే జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. కాబట్టి ముందస్తు పరీక్షకే విలువ ఎక్కువ.

వరుస ఇలా ఉండాలి.. ముందు జబ్బు ఉన్న బాబు, తర్వాత తల్లి, ఆపై అమ్మమ్మ, పెద్దమ్మ, పిన్ని, పెళ్లీడుకొచ్చిన అక్కలు. ప్రతి అడుగులోనూ జెనెటిక్ కౌన్సెలింగ్ తప్పనిసరి. రెండో గర్భం వచ్చాక పరుగులు పెట్టడం కంటే, మొదటి బిడ్డకు జబ్బు తేలిన రోజే ఆ శాంపిల్ ల్యాబ్‌కు చేరడం మేలు.