పేరులోనే సైలెన్స్ ఉంది కదా, బావా!

ఈసారి పోస్టు కొంచెం కోపంగా ఉంటుంది. కోపంలో నా తెలుగు ఇంకా తడబడుతుంది, ముందే క్షమించండి.

మా నాన్నది 1999 టయోటా ఫోర్‌రన్నర్. నేను పాకే వయసులో కొన్నారు. 3.4 లీటర్ల వీ6 ఇంజన్, 183 హార్స్‌పవర్. ఇప్పటికీ తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. కానీ పోయిన నెల సైలెన్సర్‌కి కింద చిల్లు పడింది. అమెరికాలో దాన్ని మఫ్లర్ అంటారు. నాన్న మాత్రం ఇండియాలో అందరూ అన్నట్టే సైలెన్సర్ అంటారు. నాకు ఆ మాటే నచ్చింది. ఎందుకో చివర్లో చెప్తాను.

చిల్లు ఎందుకు పడిందంటే, నాన్న రిటైర్ అయ్యాక ఆ బండి కూరగాయల షాపుకీ లైబ్రరీకీ తప్ప ఎక్కడికీ పోవడం లేదు. పెట్రోల్ మండితే పొగతో పాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. చిన్న దూరాలు తిరిగితే గొట్టం సరిగ్గా వేడెక్కదు. ఆ నీళ్లు సైలెన్సర్‌లోనే మిగిలిపోయి లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. మేముండే ఫ్రీమాంట్‌లో రోడ్ల మీద మంచూ లేదు, ఉప్పూ లేదు. అయినా తుప్పు వచ్చింది.

అప్పుడు మా బావ రంగంలోకి దిగారు. బావ అంటే మా అక్క భర్త. "ఏం మరదలా, ఈ ఛాన్స్ వదులుకుంటావా? సైలెన్సర్ కోయించేసి స్ట్రెయిట్ పైప్ పెట్టించు. బండి పులిలా అరుస్తుంది!" నాన్న ఏమీ అనలేదు. అల్లుడుగారి మాట కాదనే అలవాటు మా ఇంట్లో లేదు. అందుకే ఆ పని నేను ఇక్కడ, అందరి ముందూ చేస్తున్నాను. బావా, మీరు ఇది చదువుతారని నాకు తెలుసు.

మీ మొదటి మాట: సౌండ్ పెరిగితే పవర్ పెరుగుతుంది. పెరగదు బావా. ఇంజన్‌కి పొగ సాఫీగా బయటికి పోవాలి, అది నిజం. "ఇంజన్‌కి బ్యాక్ ప్రెషర్ కావాలి" అని మీతో వాదించేవాళ్లది కూడా తప్పే. అసలు కావలసింది పొగకి వేగం. గొట్టం మరీ సన్నగా ఉంటే పొగ ఇరుక్కుంటుంది. మరీ లావుగా ఉంటే పొగ నెమ్మదిస్తుంది, కింది ఆర్‌పీఎంలో బండి లాగే బలం తగ్గుతుంది. ఈ ఇంజన్‌కి రెండుంపావు నుంచి రెండున్నర అంగుళాల గొట్టం చాలు. మీరు చెప్పిన మూడు అంగుళాలది మా నాన్నకి ఎందుకు? ఆయన రేసుకి పోరు, కొత్తిమీరకి పోతారు.

మీ రెండో మాట: సౌండ్ బాగుంటుంది. ఎవరికి? పార్కింగ్‌లో నిలబడి వినేవాళ్లకి. లోపల కూర్చున్నవాళ్ల సంగతి లెక్క వేద్దాం. ఆరు సిలిండర్ల ఇంజన్ ఒక్క చుట్టుకి మూడుసార్లు పేలుతుంది. 2000 ఆర్‌పీఎంలో అంటే సెకనుకి 100 సార్లు. ఫ్రీవే మీద ఈ బండి దాదాపు ఆ వేగంలోనే తిరుగుతూ ఉంటుంది. సైలెన్సర్ లేకపోతే ఆ 100 హెర్ట్జ్ మోత డబ్బాలాంటి ఎస్‌యూవీ లోపల డప్పు కొట్టినట్టు తిరుగుతుంది. దాన్ని ఇక్కడ డ్రోన్ అంటారు. ఐదు నిమిషాలు సరదాగా ఉంటుంది. లివర్‌మోర్ గుడికి వెళ్లి వచ్చేసరికి తల పగులుతుంది.

నాకు అసలు బాధ ఇక్కడే. నా తెలుగు ఆ బండిలోనే పుట్టింది. ఇంట్లో నాన్న టీవీ చూస్తారు, ఫోన్ చూస్తారు, నాతో ఇంగ్లీషులోనే రెండు ముక్కలు మాట్లాడతారు. స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం తెలుగు వస్తుంది. తెనాలిలో చిన్నప్పటి సంగతులు, వాళ్ల నాన్న సైకిలు, కాలవలో ఈతలు. "ళ" పలకడం నేను నేర్చుకున్నది ఫ్రీవే మీద, ఆయన పక్క సీట్లో. ఇప్పుడు ఆయనకి వినికిడి తగ్గుతోంది. నేను ఒక మాట రెండుసార్లు చెప్పాలి, తప్పు పలికితే మూడుసార్లు. ఆ ఇద్దరి మధ్య మీరు పులిని కూర్చోబెడతానంటున్నారు బావా.

మీ మూడో మాట: కేటలిటిక్ కన్వర్టర్ కూడా తీసేయొచ్చు, రెండో ఆక్సిజన్ సెన్సర్‌ని మోసం చేసే చిన్న ముక్క దొరుకుతుంది. సెన్సర్ మోసపోవచ్చు, ఊపిరితిత్తులు మోసపోవు. ఆ కన్వర్టర్‌లో ఉండే ప్లాటినం, పల్లాడియం, రోడియం విషపు పొగని చాలావరకు మార్చేస్తాయి. దాన్ని పీకేయడం క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద దేశం మొత్తంలో చట్టవిరుద్ధం. పైగా కాలిఫోర్నియాలో రెండేళ్లకోసారి స్మాగ్ చెక్ ఉంది. 2000 మోడల్ నుంచి చాలా బండ్లకి కంప్యూటర్ తగిలించి చూస్తారు. మనది 1999. పొగనే గొట్టం దగ్గర కొలుస్తారు. కిందికి వంగి కన్వర్టర్ ఉందో లేదో కూడా చూస్తారు. సౌండ్‌కి కూడా హద్దు ఉంది: 6000 పౌండ్ల లోపు బండికి 95 డెసిబెల్స్.

నాలుగోది మీ మాట కాదు, ఒక షాపతని మాట. పేరు రాయను. "గొట్టం వెనక యాక్సిల్ ముందే ఆపేస్తే డబ్బు మిగులుతుంది" అన్నాడు. ఫోర్‌రన్నర్ వెనక అద్దం మొత్తం కిందికి దిగుతుంది. ఈ బండి ప్రత్యేకతే అది, నాన్నకి చాలా ఇష్టం. పెట్టెలాంటి బండి వేగంగా పోతుంటే వెనక గాలి సుడి తిరిగి పొగని లోపలికి లాగుతుంది. అందుకే ఆ అద్దం మూసి నడపమని బండితో వచ్చిన పుస్తకంలోనే రాసి ఉంది. ఇక గొట్టాన్ని సీట్ల కిందే ఆపేస్తే? పాతికేళ్ల రబ్బరు సీళ్లు ఎండిపోయి ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. వెనక సీట్లో మా అమ్మమ్మ నిద్రపోతుంది. అది నిద్రో, ఇంకేదో ముందు సీట్లోవాళ్లకి ఎలా తెలుస్తుంది?

మరి ఏం పెట్టించాలి? నేను తేల్చుకున్నది ఇదీ. కన్వర్టర్ బాగుంది, దాన్ని ముట్టుకోం. రేపు పాడైతే కాలిఫోర్నియా ఎయిర్ బోర్డు ఆమోదం నంబరు ఉన్నదే వేయిస్తాం. కన్వర్టర్ వెనక నుంచి మాత్రం కొత్తది. సైలెన్సర్ పాతదాని సైజులోనే, లోపల పొగ మెలికలు తిరిగేది. గొట్టం వెనక బంపర్ దాటి బయటికి రావాలి. లోహం సంగతికొస్తే అల్యూమినియం పూత పూసిన స్టీలు చవక. 409 స్టెయిన్‌లెస్ పైపైన ఎర్రబడినా చాలాకాలం నిలుస్తుంది. 304 మెరుస్తుంది, ధర కూడా మెరుస్తుంది. మేం 409 తీసుకున్నాం. షాపుకి వెళ్తే జేబులో అయస్కాంతం తీసుకెళ్లండి. 409కి అంటుకుంటుంది, 304కి సాధారణంగా అంటుకోదు. 304 డబ్బులు తీసుకుని 409 ఇస్తే అక్కడే తెలిసిపోతుంది.

బావా, మీరు చెడ్డవారని కాదు. పాత బండి మీద మీకున్న ప్రేమ నాకూ ఉంది. కానీ అది చూపించడానికి ఊరంతా వినపడాలా? ఇండియాలో బుల్లెట్లకి మార్చిన సైలెన్సర్లని పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించే వీడియోలు మీరే కదా నాన్నకి వాట్సాప్‌లో పంపి నవ్వుతారు.

అందుకే నాకు సైలెన్సర్ అన్న మాట నచ్చింది. దాని పని దాని పేరులోనే ఉంది.

నిన్న సాయంత్రం కొత్త సైలెన్సర్‌తో మొదటిసారి ఫ్రీవే ఎక్కాం. నాన్న కాసేపు చెవి పెట్టి విన్నారు. "ఏమీ వినపడట్లేదే" అన్నారు. తర్వాత తెనాలి కాలవ కథ మొదలుపెట్టారు. ఇదివరకు విన్నదే. ఈసారి అందులో ఒక కొత్త మాట దొరికింది: "లాకులు". కాలవ నీళ్లని ఆపి వదిలే తలుపులట. తప్పుగా రాస్తే దిద్దండి.