వలకు చిక్కని హైడ్రోజన్!

తోటపల్లి గూడూరు తీరంలో వల లాగేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు... పెద్దకన్ను వల వేస్తే పెద్ద చేపలే పడతాయి. చిన్నవి జారిపోతాయి. అంతమాత్రాన సముద్రంలో చిన్న చేపలు లేవని కాదుగా! ఎంజైముల రూపం కనిపెట్టబోయిన శాస్త్రవేత్తలకూ ఇలాంటి చిక్కే వచ్చిపడింది.

ఎంజైములంటే ఒంట్లో రసాయన చర్యలను వేగంగా జరిపించే ప్రోటీన్లు. వాటిని స్ఫటికాలుగా మార్చి, ఎక్స్ కిరణాలు పంపి, అవి చెదిరిన తీరును బట్టి ఏ పరమాణువు ఎక్కడుందో లెక్కకడతారు. ఎక్స్ కిరణాలను చెదరగొట్టేవి ఎలక్ట్రాన్లు. హైడ్రోజన్‌కి ఉన్నదేమో ఒకే ఒక్క ఎలక్ట్రాన్! అందుకే అది చాలాసార్లు ఈ వలకు చిక్కదు. ఎంజైములోని పరమాణువుల్లో దాదాపు సగం హైడ్రోజన్‌వే. పైగా ఎన్నో ఎంజైముల పనల్లా హైడ్రోజన్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడమే.

మరి దాన్ని పట్టేదెలా? న్యూట్రాన్లతో. ఇవి ఎలక్ట్రాన్ల జోలికి పోకుండా పరమాణు కేంద్రకాన్ని తాకి చెదురుతాయి. స్ఫటికాన్ని భారజలంలో ఉంచితే కొన్ని హైడ్రోజన్ల చోట డ్యుటీరియం చేరుతుంది. న్యూట్రాన్లకు అది కార్బన్‌ అంత స్పష్టంగా కనిపిస్తుంది. ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో హైడ్రోజన్ల చోటును మన ట్రాంబేలోని సైరస్ రియాక్టర్‌ దగ్గర ఆర్.చిదంబరం బృందం 1970లలోనే ఇలా గుర్తించింది.

ఈ పద్ధతి తేల్చిన ఓ ముడికి మన తెలుగాయనతో సంబంధముంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాగారంలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1948లో ఆయన కన్నుమూసేనాటికి ఆ బృందం క్యాన్సర్‌పై పనిచేసే మందులు తయారుచేసింది. వాటిలో ఒకటే మెథోట్రెక్సేట్. రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు నేటికీ వాడుతున్నారు. క్యాన్సర్ కణం పెరగాలంటే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము కావాలి. ఈ మందు వెళ్లి అందులో తిష్ఠవేస్తుంది. అంత గట్టిగా ఎలా పట్టుకుంటుంది?

అమెరికాలోని లాస్ అలమోస్‌లో శాస్త్రవేత్తలు ఇ.కోలి బ్యాక్టీరియా ఎంజైమును ఈ మందుతో కలిపి స్ఫటికం చేశారు. దాని పరిమాణం 0.3 ఘనపు మిల్లీమీటర్లు... ఆవగింజకన్నా చిన్నది! న్యూట్రాన్లతో పరీక్షిస్తే ఆచూకీ దొరికింది. మందులోని ఒక నైట్రోజన్‌కు అదనంగా ఓ హైడ్రోజన్ అంటుకుని ధనావేశం వచ్చింది. ఎదురుగా ఎంజైములో రుణావేశం. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయి! ఈ ఫలితాలు 2006లో వెలువడ్డాయి.

ఇదంతా తేలిక కాదు. రియాక్టరో, భారీ యాక్సిలరేటరో కావాలి. స్ఫటికం పెద్దది కావాలి. రోజుల తరబడి ఓపిక పట్టాలి. అయినా 2020లో కొవిడ్ వైరస్‌లోని ముఖ్యమైన ఎంజైమును ఓక్ రిడ్జ్‌ శాస్త్రవేత్తలు ఇలాగే పరిశీలించారు. ఏ హైడ్రోజన్ ఎక్కడుందో తెలిస్తేనే కదా, దానికి సరిగ్గా అతికే మందును తయారుచేసేది!