తవ్వే ముందు డేటమ్ చూడండి

ఫుజైరాలో పాత సర్వే డ్రాయింగ్‌లను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తున్న మన సర్వేయర్లు, డ్రాఫ్ట్స్‌మెన్ ఈ పూటకి పని ఆపి ఒక్కటి సరిచూసుకోవాలి. ఆ కోఆర్డినేట్లు ఏ డేటమ్‌వి?

ఎమిరేట్స్ పాత పటాలు ఎన్నో నహ్రవాన్ 1967 మీద గీసినవి. దాని మూలబిందువు ఇరాక్‌లో ఉంది. భూమి ఆకారానికి క్లార్క్ 1880 లెక్క. చేతిలో జీపీఎస్ ఇచ్చేది డబ్ల్యూజీఎస్ 84. నహ్రవాన్ అక్షాంశ రేఖాంశాలను మార్చకుండా అందులో పెడితే ఫుజైరా దగ్గర స్థానం సుమారు 200 మీటర్లు తప్పుతుంది. హబ్షాన్ నుంచి చమురు మోసుకొచ్చే పైప్‌లైన్ 2012 నుంచి నడుస్తున్న ఊరిది. ఇక్కడ 200 మీటర్ల తప్పుతో ఎక్స్‌కవేటర్ దించడమంటే కింద ఏముందో తెలియకుండా దించడమే.

చాలామంది క్యూజీఐఎస్‌లో 'సెట్ లేయర్ సీఆర్‌ఎస్' నొక్కి, మార్పిడి అయిపోయిందనుకుంటారు. అది లేయర్‌కి తగిలించిన పేరునే మారుస్తుంది, అంకెల జోలికి పోదు. అంకెలు మారేది 'రీప్రాజెక్ట్ లేయర్'తో. అక్కడా నిశ్చింత లేదు. నహ్రవాన్ నుంచి మారడానికి ఎమిరేట్స్‌కు ఇచ్చిన పారామీటర్లు మైనస్ 249, మైనస్ 156, 381. సౌదీకి ఇచ్చినవి మైనస్ 243, మైనస్ 192, 477. జాబితాలో పక్కపక్కనే ఉంటాయి. సౌదీవి ఎంచుకుంటే ఫుజైరాలో బిందువు దాదాపు 100 మీటర్లు జరుగుతుంది. సరైనవి ఎంచుకున్నా పదుల మీటర్ల అనిశ్చితి మిగులుతుంది కనుక, పునాదికీ పైపుకీ స్థానిక కంట్రోల్ పాయింట్లే దిక్కు.

హైదరాబాద్ ఆఫీసుల నుంచి వచ్చినవాళ్లకు ఇంకో గొయ్యి ఉంది. అక్కడ యూటీఎమ్ జోన్ 44, ఇక్కడ 40. ఈస్టింగ్, నార్తింగ్ అంకెలు ప్రతి జోన్‌లోనూ మళ్లీ వస్తాయి. పాత టెంప్లేట్ అలాగే తెరిస్తే ఫుజైరా రేవు వెళ్లి ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో తేలుతుంది. నిజానికి అది నయం, చూసినవాడికి నవ్వొచ్చి అక్కడే దొరికిపోతుంది. 100 మీటర్ల తప్పు అలా దొరకదు. రోడ్డు రోడ్డులాగే, ప్రహరీ ప్రహరీలాగే ఉంటాయి, అన్నీ కలిసి పక్కకు జరిగి ఉంటాయంతే.

కాబట్టి ఫైలు మార్చాక, కోఆర్డినేట్లు ముందే తెలిసిన కంట్రోల్ పాయింట్ దగ్గరికెళ్లి కొలిచి పోల్చండి. ఒక్కటి చాలదు, సైట్ రెండు చివర్లా చూడండి. కన్సల్టెంట్ పంపిన ఫైలులో డేటమ్, జోన్, వాడిన పారామీటర్లు రాసి లేకపోతే తవ్వకం కాగితం మీద సంతకం పెట్టకండి. ఫోర్‌మన్ తొందరపెడతాడు. పెట్టనివ్వండి.