పన్నుకు కనబడే ఇల్లు పట్టాకు కనబడదా?



ముదిగుబ్బ మండలం సుగాలి, ఎరుకల పిల్లలం కలిసి రాస్తున్నాం. కొంచెం పొడుగుంది, ఓపిగ్గా చదవండి.

ఇంటి పన్ను సంస్కరణ కోసం సర్వే వాళ్లు, రెవెన్యూ వాళ్లు, పంచాయతీ వాళ్లు ఒకటై పనిచేస్తారంట. మంచిదే. ఎవరి కోసం ఒకటవుతున్నారో మాత్రం అడగాల.

పక్కనే ఉన్న ధర్మవరం చూడండి. 2020లో కరోనా టైంలో రాష్ట్రాలకు అప్పు పరిమితి పెంచుతూ కేంద్రం కొన్ని షరతులు పెట్టింది. పట్టణాల్లో ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ విలువతో ముడిపెట్టడం అందులో ఒకటి. మన రాష్ట్రం చట్టం మార్చేసింది. 2021 జనవరిలో 2,525 కోట్ల అదనపు అప్పుకు అనుమతి వచ్చింది. ఆ ఏప్రిల్ 1 నుంచి మున్సిపాలిటీల్లో అద్దె లెక్క పోయి ఆస్తి విలువ లెక్క వచ్చింది. ఏడాదికి 15 శాతానికి మించి పెంచమన్నారు. ఏటా అంత పెరిగితే ఐదేళ్లకు రెట్టింపు, మీరే లెక్కేసుకోండి. ఢిల్లీకీ రాష్ట్రానికీ మధ్య అప్పు మాట జరిగింది, బిల్లు మగ్గం ఉన్న ఇంటికొచ్చింది.

ఇక పల్లెలు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. డ్రోన్లతో గ్రామకంఠంలోని ఇళ్లు కొలిచి కార్డు ఇస్తారు, ఆ కొలతలే పంచాయతీ పన్నుకూ పనికొస్తాయి. మరి తండా ఉన్న నేల గ్రామకంఠం కాకపోతే? డీకేటీ భూమిలోనో, ప్రభుత్వ బంజరులోనో తాతల కాలంలో కట్టుకున్న ఇల్లయితే? కార్డు రాదు, పన్ను డిమాండు మాత్రం రావచ్చు. మన యాడిలు పన్ను రసీదును రేషన్ కార్డుతో పాటు ట్రంకుపెట్టెలో భద్రంగా దాస్తారు. అది డబ్బు కట్టినట్టు రుజువు, అంతే. హక్కు పత్రం కాదని చదువుకున్న మనమే ఇంట్లో చెప్పాల.

పన్ను ఎగ్గొట్టమని మేం అనట్లేదు. కట్టిన డబ్బు ఎక్కడికి పోతోందో చెప్పమంటున్నాం. 2021లో ఆర్థిక సంఘం నిధులు పంచాయతీ ఖాతాల్లోంచి మాయమయ్యాయని సర్పంచులే రోడ్డెక్కారు. కరెంటు బకాయిలకు జమేసుకున్నామని ప్రభుత్వం జవాబిచ్చింది. సర్పంచుకే తెలియకుండా డబ్బు పోయేచోట తండా చివర వీధిలైటు గురించి ఎవర్ని అడగాల?

తెలంగాణలో 2018 చట్టంతో వందలాది తండాలు సొంత పంచాయతీలయ్యాయి. అక్కడ అంతా బాగుందని కాదు, కనీసం తండా పన్ను తండా ఖాతాలో పడుతుంది. ఇక్కడ మనం పెద్ద ఊరికి శివారు. పైగా మనది ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు, పెసా వర్తించదు.

"ఏడాదికి కొన్ని వందలే కదా, ఎందుకీ రచ్చ" అనే అన్నలున్నారు. ఆర్నెల్లు బెంగళూరులో సెంట్రింగ్ పనికిపోయి వచ్చేసరికి తాళమేసిన తలుపు మీద బకాయి కాగితం చూసినోణ్ణి అడగండి.

అందుకే మా డిమాండ్లు: ఇల్లు కొలిచేటప్పుడు ఇంటోళ్లు ఉండాల, వలసపోయినోళ్లకు ముందే ఫోన్ చేయాల. పన్ను లిస్టు తండాలోనే గ్రామసభ పెట్టి చదివి వినిపించాల. తండా వారీగా వసూలు ఎంత, ఖర్చు ఎంత అని గోడ మీద రాయాల. పట్టా లేని ఇళ్ల జాబితా రెవెన్యూ వాళ్లు అదే రోజు తీసుకోవాల. పన్ను కోసం మూడు శాఖలు ఒకే బల్ల దగ్గర కూర్చోగలిగినప్పుడు పట్టా కోసం కూర్చోలేరా?

ఈ వారంలో ప్రతి తండా నుంచి ఒకరు ఇంటింటికీ తిరిగి రాసుకోండి: రసీదు ఉందా, పట్టా ఉందా, ఇల్లు ఏ సర్వే నంబరులో ఉంది. వచ్చే గ్రామసభకు ఆ కాగితాలతోనే పోదాం.